ఏడు చెంబుల నీరు: పాములపాటి యాత్ర

యాత్రకు పోయి వచ్చినవారిని మన యిండ్లలోని పెద్దలు మొట్టమొదట అడుగు ప్రశ్న, “అచ్చటి నీళ్లు ఎట్లున్నవి?” అనునది. గోపురముల ఎత్తు, బజారుల సందడి, బసల వసతి, ఇవన్నియు తరువాతి సంగతులు. ఊరు మారి వచ్చిన బిడ్డకు జలుబు చేసినచో “నీళ్లు పడలేదు” అందుము. బుగ్గలు నిండి వచ్చినచో “నీళ్లు ఒంటబట్టినవి” అందుము. ఆడపిల్లను ఇచ్చునపుడు వరుని చదువును, భూమిని విచారించి, కడపట ఆ ఊరి బావినీరు తీపో ఉప్పో కూడ అడిగి తెలిసికొను తల్లులు మన తెలుగునాట ఎందరో కలరు. కావున నీటి రుచి మనకు క్రొత్త సంగతి కాదు. అయినను పలుతావుల నీళ్లను ఒక్కచోట చేర్చి, వరుసగా రుచి చూచి, ఇది యిట్టిది, అది యట్టిది యని పోల్చి చెప్పుట మనలో అరుదు. అట్టి పనికి తగిన ఊరొకటి మాకు లభించినది. దాని పేరు పాములపాడు.

కర్నూలునుండి ఆత్మకూరు పోవు దారిలో నందికొట్కూరును, జూపాడు బంగ్లాను దాటిన పిదప ఈ ఊరు వచ్చును. 2022వ సంవత్సరము ఏప్రిలు నెలలో నంద్యాల జిల్లా ఏర్పడినది మొదలు ఇది ఆ జిల్లాలోని మండల కేంద్రము. అంతకు మునుపు కర్నూలు జిల్లాలో నుండెను. పేరులో పాములున్నను మేము చూచినవి మాత్రము నల్లరేగడి చేలు, మొక్కజొన్న, వరిమళ్లు, తూర్పున నీలపు గీత గీసినట్లున్న నల్లమల కొండలు. మేము పోయినది భాద్రపదమాసము. వానలు పడి కాలువలు రెండును నిండుగా పారుచుండెను.

కాలువలు రెండు అంటిమి. పాములపాటి విశేషమంతయు ఆ రెంటిలోనే యున్నది. మొదటిది కర్నూలు–కడప కాలువ. దీనిని జనులు కే.సీ. కాలువ యందురు. లండనులో వెలసిన మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీవారు 1863 మొదలు 1870 ప్రాంతమువరకు దీనిని త్రవ్వించిరి. సుంకేసుల యొద్ద తుంగభద్రకు అడ్డుకట్ట వేసి, 306 కిలోమీటర్ల దూరము నీటిని నడపి, పొలములు పండించుటయే గాక పడవలును నడపవలెనని వారి తలంపు. లాభము రాలేదు, 1882లో ప్రభుత్వమువారు దానిని కొనిరి. కంపెనీ పోయినను కాలువ నిలిచినది. నంద్యాల సీమలోని వరిపంట చాలవరకు దాని చలువయే.

రెండవది శ్రీశైలము కుడి ప్రధాన కాలువ. శ్రీశైల జలాశయపు వెనుకనీటినుండి పోతిరెడ్డిపాడు తూముల గుండ బయలుదేరి, సుమారు 16 కిలోమీటర్లు పారి, పాములపాడు మండలములోని బానకచర్ల యొద్దకు వచ్చును. అచ్చట తలుపులు మూడు వరుసలుగా నిలిచియున్నవి. ఒక పాయ వెలుగోడు జలాశయమునకు పోయి తెలుగుగంగ యగును. నడిమి పాయ నిప్పులవాగులోనికి దిగి కుందూ నది దారి పట్టును. మూడవది రాయలసీమ మెట్ట పొలములవైపు సాగును. 2025లో గోదావరి నీటిని ఇచ్చటికి తేవలెనను ప్రతిపాదనపై చర్చ సాగినపుడు ఈ చిన్న ఊరి పేరు రెండు తెలుగు రాష్ట్రముల పత్రికలలోను మారుమ్రోగినది. నీటి పంపకముల తగవులు పెద్దలవి. మేము వాటి జోలికి పోము. ఆ తలుపులు తెరచుకొన్నపుడు నురుగు చిమ్ముచు మూడు దారులు పట్టు నీటిని గట్టుపైనుండి చూచుట మాత్రము కన్నుల పండువు.

ఒక చమత్కారము చెప్పవలెను. తుంగభద్ర సంగమేశ్వరము దాపున కృష్ణలో కలియును. సుంకేసుల కట్ట ఆ సంగమమునకు ఎగువ నున్నది. శ్రీశైల జలాశయము దిగువ నున్నది. కావున కే.సీ. కాలువలో పారునది పుట్టింటి తుంగభద్ర. బానకచర్లకు వచ్చునది కృష్ణమ్మ యింట కలిసిపోయిన తుంగభద్ర. పిల్ల యొక్కతెయే. పుట్టింట ఎట్లుండెను, అత్తింట ఎట్లున్నది యని ఒక్క పూటలో రెండు చోట్లను చూచు భాగ్యము ఈ ఊరివారికి కలిగినది. ముచ్చుమర్రి ఎత్తిపోతలు నడచినపుడు కే.సీ. కాలువలోనికిని కృష్ణనీరు చేరుట కలదు. మేము పోయిననాడు సుంకేసుల నీరే వచ్చుచున్నదని లస్కరు చెప్పెను.

మేము చెన్నపట్టణమున కాపురమున్నవారము. మాకు బానకచర్లపై మక్కువ కలుగుటకు అదియే కారణము. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములు తమ తమ కృష్ణ వాటాలనుండి తలకు 5 శతకోటి ఘనపుటడుగుల చొప్పున చెన్నపట్టణపు దాహము తీర్చుటకు ఇయ్యనొప్పుకొనెను. 1983లో తెలుగుగంగ ఒప్పందము కుదిరినది. వెలుగోడు, సోమశిల, కండలేరు జలాశయములను దాటి, సుమారు 400 కిలోమీటర్లు నడచి, 1996లో మొదటి నీరు పూండి చెరువు చేరినది. 2019వ సంవత్సరపు వేసవిలో మా పట్టణపు చెరువులు నాలుగును అడుగంటినవి. లారీనీటికై రేయింబవళ్లు బిందెలు వరుస పెట్టి నిలిచిన ఆ దినములను మేము మరువలేదు. మన వంటింటి కొళాయికి ఇంత దూరమునుండి నీరు వచ్చుచున్నదే, అది బయలుదేరు చోటును కన్నులార చూడవలెనని అప్పుడే అనుకొంటిమి. పాములపాటిలో మా వదినగారి యిల్లుండుటచే ఆ కోరిక యీడేరినది.

ఇక రుచి చూచుట మాట. ఈ పద్ధతిని మేము ఎక్కడినుండి తెచ్చుకొంటిమో చెప్పినచో సోదరీమణులు నవ్వుదురు. స్కాట్లండు దేశమున సింగిల్ మాల్టు విస్కీ యను మద్యము కలదు. మొలకెత్తించి ఎండబెట్టిన యవలనుండి ఒకే బట్టీలో దీనిని వండుదురు. ఓకు కొయ్య పీపాలలో మూడేండ్లకు తక్కువ కాకుండ ఉంచవలెనని వారి చట్టము. 2009 నాటి నిబంధనలు హైలాండ్సు, లోలాండ్సు, స్పేసైడు, ఐలా, కాంబెల్‌టౌన్ అని అయిదు సీమల పేర్లను కాపాడుచున్నవి. ఐలా ద్వీపపు సరకు పొగవాసన కొట్టుననియు, స్పేసైడు సరకు పండ్ల పరిమళమిచ్చుననియు, లోలాండ్సు సరకు తేలికగా నుండుననియు రసికులు చెప్పుకొందురు. ఏ ఏటి నీరు, ఏ రాతిపై పారిన నీరు అని కూడ వారు వాదించుకొందురు. నేటి శాస్త్రజ్ఞులు మాత్రము, యవలను ఎండబెట్టుటకు వేయు పీటుమట్టి పొగయు, బట్టీ ఆకారమును, పీపా కొయ్యయు కలిగించు భేదము ముందు నీటివలన కలుగు భేదము స్వల్పమే యందురు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాపై లేచిన స్త్రీలు మన తెలుగువారే. మద్యము ఇల్లాండ్రకు చేయు కీడు ఎట్టిదో మనకు వేఱుగ చెప్పనక్కరలేదు. కాని ఆ రసికుల క్రమశిక్షణ మాకు నచ్చినది. వారు గిన్నెలన్నియు ఒక్కతీరువి పెట్టుకొందురు. ఏది ఏ ఊరిదో తెలియకుండ కప్పిపుచ్చుదురు. ముందు వాసన చూచి, పిదప కొంచెము నాలుకపై నిలిపి, మ్రింగిన తరువాత మిగిలిన రుచిని గుర్తు పెట్టుకొందురు. మద్యమునకు చేయు ఇంత మర్యాద మంచినీటికి చేసినచో తప్పేమి?

ఇట్టి ఆలోచన మన పెద్దలకు లేకపోలేదు. ఆకాశమునుండి పడు నీరంతయు ఒక్కటే యనియు, పడిన నేలనుబట్టి రుచి మారుననియు చరకసంహితలో నున్నది. చవుటినేలపై ఉప్పన, నల్లమట్టిపై తీపి యని అందులోని మాట. ఇక తుంగ మాట యెత్తిన, గంగలో స్నానము, తుంగలో పానము అని లోకమంతయు ఎరిగిన నానుడి యుండనే యున్నది.

మేము సమకూర్చినవి ఏడు చెంబులు. మొదటిది కే.సీ. కాలువ నీరు. రెండవది బానకచర్ల కృష్ణ నీరు. మూడవది నల్లమల పాదమున నున్న మహానంది నీరు. అచ్చటి కోనేటి అడుగున పడిన కాసు కూడ కన్నులకు కానవచ్చునంత తేటగా ఆ ఊట ఏడాది పొడవునను పారుచునే యుండును. నాలుగవది మా వదినగారి పెరటిబావి నీరు. అయిదవది వీధిచివరి వాటరు ప్లాంటులో కొను ఇరువది లీటర్ల క్యాను నీరు. ఆరవది మిద్దెపై పరచిన తెల్లని ఉతికిన దుప్పటిలో పట్టిన వాననీరు. ఏడవది చెన్నపట్టణమునుండి మేము కాచి చల్లార్చి సీసాలో తెచ్చుకొన్న మా యింటి కొళాయి నీరు.

కాలువల నీరు ఎఱ్ఱగా బురదగా నుండెను. వదినగారి అత్తగారు ఎనుబదియేండ్ల పెద్దముత్తైదువ. ఇంటిల్లిపాది ఆమెను అవ్వ యని పిలుతురు. ఆమె కడవ లోపలి గోడకు చిల్లగింజను కొంచెము నీటితో అరగదీసి, ఆ గంధమును కడవలో కలిపి మూత పెట్టెను. తెల్లవారునప్పటికి బురద అడుగున పేరుకొని పైన నీరు అద్దమువలె నుండెను. తేట నీరెల్ల మంచినీరు కాదు గనుక ఆ రెంటిని, కోనేటినీటిని, వాననీటిని తెరలి మరగునట్లు కాచి చల్లార్చితిమి. కాచిన నీరు గాలి పోయి చప్పబడును. అందుచే ఒక పాత్రనుండి ఒక పాత్రలోనికి ఎత్తి పోసి తిరిగి గాలి పట్టించితిమి. చల్లదనము రుచిని మరుగుపరచును గనుక కూజాలో పెట్టలేదు. ఇత్తడి, రాగి వాసనలు కలియకుండ అన్నియు స్టీలు చెంబులలోనే పోసితిమి. ఉసిరికాయ తిన్న నోటికి ఏ నీరైనను తీపిగా తోచును గనుక ఆనాడు ఉసిరికపచ్చడియు, తాంబూలమును మానితిమి. డిగ్రీ చదువుచున్న మేనకోడలు చెంబుల అడుగున అంకెలు వ్రాసి, వాటిని తారుమారు చేసి మా ముందుంచెను. రుచి చూచినవారము అవ్వ, వదినగారు, వారి కోడలు, మేమును.

నాలుకకు మొదట తెలియునది ఉప్పు. బావినీటిని అందఱమును మొదటి గుక్కలోనే పట్టితిమి. అది నోటిలో బరువుగా నుండి, మ్రింగిన పిమ్మట నాలుక అంచులను కొంచెము గీకినట్లుండును. ఈ కుందూ లోయ అడుగున పలకరాయియు సున్నపురాయియు విస్తారముగ నున్నవి. నేలలోనికి ఇంకిన నీరు ఆ రాతి సారమును కరగించుకొని పైకి వచ్చును. నల్లనేల నీరు తీపి యను చరకుని మాట ఈ పెరటిలో చెల్లలేదు. మహానంది నీటికి రుచి తేలిక. గొంతులో జారినదే తెలియదు. వెనుక కొంచెము చల్లని తీపి మిగులును. నల్లమల కొండలలో ఎక్కువగా నున్నది గట్టి బిళ్లరాయి. అది నీటిలో తేలికగా కరగదు. రాయి ఉదారముగ ఇచ్చిన నీరు బరువు, రాయి పిసినారియైన నీరు తేలిక యని ఒక్క మాటలో చెప్పవచ్చును.

రెండు కాలువల నీటిని వేఱుపరచుట కష్టమైనది. మేము రెండుసారులు చూచి, ఒకటి కొంచెము మెత్తన, ఒకటి కొంచెము నిండు అని మాత్రము చెప్పగలిగితిమి. అవ్వ మాత్రము వ్రేలు చూపి, “ఇది మన కాలవ నీళ్లు. ఇంగొగటి డ్యాము నీళ్లు. కాలవ నీళ్లల్లో మట్టివాసన ఉంటాది” అనెను. అడుగున అంకె చూడగా ఆమె చెప్పినది నిజము. క్యాను నీటికిని వాననీటికిని దూరము తక్కువ, రెండును చప్పన. వాననీటిలో ఆకాశపు చలువ యుండునని మేము ఊహించితిమి కాని, దుప్పటి గుడ్డ వాసనయే కొంత తెలిసినది. క్యాను నీరు రుచి యను మాటకే తావులేనిది. అవ్వ దానిని పుక్కిలించి, “సప్పగుండాయి. ఇవి నీళ్లా? ఉప్పు లేని కూడు తిన్నట్టుండాది” అని చెంబు పక్కకు త్రోసెను. మా చెన్నపట్టణపు నీటిలో క్లోరిను వాసన మిగిలియుండెను. బానకచర్ల నీటి ప్రక్కన పెట్టి చూచినపుడు, పోలికలు లేని అక్కచెల్లెండ్రవలె నుండినవి. నడుమ నాలుగు వందల కిలోమీటర్లును, ఎన్నియో చెరువులును, శుద్ధియంత్రములును, ఇతర నీళ్ల కలయికయు నున్నవి గదా.

మేనకోడలు కలమువంటి చిన్న పనిముట్టును చెంబులలో ముంచి, కరగిన లవణముల లెక్క చూచెను. లీటరు నీటిలో 500 మిల్లీగ్రాములవరకు మంచిదని మన దేశపు ప్రమాణము. వేఱు నీరు లేనిచోట 2000 వరకు సహింపవచ్చును. బావినీరు వేయి దాటినది. క్యాను నీరు యాబదికి లోపు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 600కు లోపలి నీరు నాలుకకు బాగుండుననియు, వేయి దాటినచో రుచి చెడుననియు, మరీ తక్కువైనచో చప్పబడుననియు చెప్పియున్నారు. మా అందఱి నాలుకలును ఆ మాటకు సాక్ష్యమిచ్చినవి.

నాలుక చాలక పొయ్యిని కూడ సాక్షిగా పిలిచితిమి. ఒకే బస్తాలోని కందిపప్పును బావినీటితోను, మహానంది నీటితోను, కాలువ నీటితోను సమముగ ఎసరు పెట్టి ఉడికించితిమి. కొండనీటిలో పప్పు తొందరగా మెదిగి వెన్నయైనది. కాలువనీటిలో కొంచెము ఆలస్యము. బావినీటిలో ఎంత సేపున్నను బద్దలు బద్దలుగానే నిలిచెను. కఠినమైన నీటిలోని సున్నపు సారము పప్పుగింజల కణములను కలిపియుంచు జిగురును బిగియబట్టుటచే అట్లగును. అదే సారము సబ్బును నురుగనీయదు. కాఫీగిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టును. ఈ ఇంటి కోడలు, కాపురమునకు వచ్చిన క్రొత్తలో పప్పు ఉడకలేదని పడిన మాటలను తలచుకొని, “తప్పు నాది కాదు, నీళ్లదేనా పిన్నమ్మా!” అని నవ్వెను. ఆ నవ్వులో కొంత బరువు దిగినట్లు మాకు తోచినది.

కాని ఆ యింట అసలు తగవు పప్పుది కాదు. కోడలి బిడ్డకు ఆరవనెల నిండవచ్చినది. అన్నప్రాశన దగ్గర పడినది. పసిదానికి ఏ నీటితో జావ కాయవలెను? అవ్వ పెరటిబావి నీరే యనును. “నా బిడ్డలు అయిదుగురూ ఈ నీళ్లు తాగే పెరిగినారు. ఎండకు నాలుక ఎండుతాదని దానికీ గుక్కెడు పోసినా” అనెను. కోడలు క్యాను నీరే పోయుదుననును. వదినగారు నడుమ నలుగుచుండెను. మా పరీక్ష ఆ తగవును తీర్చునని వారందఱును ఎదురు చూచిరి. నాలుక ఆ తగవును తీర్చజాలదని చెప్పవలసి వచ్చినది.

దీనికి పూర్వోదాహరణము కలదు. 1854లో లండను నగరమున బ్రాడ్ వీధి చుట్టుపట్ల కలరా చెలరేగినపుడు జాన్ స్నో యను వైద్యుడు ఆ వీధిలోని చేతిపంపు నీరే దానికి మూలమని చూపెను. ఆ వీధిలో పూర్వము కాపురముండి దూరపు హాంప్‌స్టెడ్డుకు తరలిపోయిన వితంతువు ఒకామె ఆ పంపునీటి రుచి మఱువలేక, బండిపై సీసాతో తెప్పించుకొని త్రాగుచుండెను. ఆ పేటలో వేఱెవ్వరికిని లేని కలరా ఆమెకు తగిలి, మరణించినది. ఆ నీటిని త్రాగిన ఆమె మేనకోడలును మరణించినది. వారిని చంపిన నీరు నోటికి చెడ్డది కాదు, మిక్కిలి రుచియైనది.

ఉప్పును, సున్నమును, బురదను నాలుకయు ముక్కును పట్టుకొనగలవు. రోగక్రిములు రుచికి చిక్కవు. ఫ్లోరైడు చిక్కదు, మన నెల్లూరు సీమలో ఎముకలు వంకరవోయిన జనుల వ్యాధికి మూలము త్రాగునీటిలోని ఫ్లోరైడే యని 1937లో గాని లోకమునకు తెలియలేదు. అన్ని తరములవారు ఆ నీటిని రుచి చూడకయే త్రాగిరా? నైట్రేటు అను మరొక లవణమును నాలుకకు దొరకదు. పెంటదిబ్బలు, మరుగుగుంటలు, పొలములో చల్లిన ఎరువులు, వీటినుండి అది వానతో నేలలోనికి దిగి లోతు తక్కువ బావులలో చేరును. లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని ప్రమాణము. పెద్దలు తట్టుకొనునంత నైట్రేటే చంటిబిడ్డల రక్తములో ప్రాణవాయువును మోయు శక్తిని చెఱచి, వారి పెదవులు నీలమగునట్లు చేయవచ్చును. కాచినచో క్రిములు చచ్చును గాని నైట్రేటు పోదు. నీరు ఇగిరినకొలది చిక్కబడును.

వదినగారి బావికి పది అడుగుల దూరముననే పశువుల పెంటదిబ్బ యున్నది. దానిని చూచి మాకు అనుమానము కలిగి, మరునాడే శుభ్రమైన సీసాలో బావినీటిని పట్టి ప్రభుత్వ గ్రామీణ నీటిసరఫరా శాఖవారి ప్రయోగశాలకు పంపించితిమి. మేము ఇల్లు చేరిన కొన్నినాళ్లకు వదినగారు ఫలితము తెలిపిరి. ఫ్లోరైడు హద్దులోనే యున్నది. నైట్రేటు హద్దు మించినది. అవ్వ ఆ మాట విని చాల సేపు పలుకలేదట. తుదకు, “పెద్దోళ్లకు ఏం కాలేదు గానీ, పసిదానికి మాత్రం వద్దులే” అనెనట. ఇప్పుడు ఆ బావినీరు అంట్లకును, స్నానములకును. దిబ్బను ఊరి వెలుపలి చేనికి తరలించిరి. ఆరునెలలు నిండువరకు తల్లిపాలు తప్ప గుక్కెడు నీరైనను పోయనక్కరలేదని నర్సమ్మ చెప్పిన మాటను కోడలు గట్టిగా పట్టుకొన్నది. జావకు మాత్రము పంచాయతీ కొళాయి నీటిని పరీక్షింపించి, కాచి వాడుచున్నారు. అవ్వకు త్రాగుటకు కాలువ నీరు చిల్లగింజతో తేరి, కాగి, కూజాలో చల్లబడుచున్నది. క్యాను నీటి చప్పదనము ఆమెకు తప్పినది.

క్యాను నీటినిగూర్చి ఒక మాట. దానిని మేము నిందింపము. చెడ్డనీరు తప్ప గతిలేని చోట అది ప్రాణదానమే. కాని ఆ యంత్రములు శుద్ధియైన నీటికి తోడు ఎంతో నీటిని మురుగుగా వదలివేయును. లవణములు 500కు లోపున్న చోట అట్టి యంత్రములను వాడనీయరాదని 2019లో జాతీయ హరిత న్యాయస్థానము చెప్పినది. మంచినీరు ఇంటికి వచ్చుచుండగా యంత్రము పెట్టుట, ఉతికిన చీరను మరల ఉతికి చింపుకొనుట వంటిది. కొనునపుడు ఆ క్యాను ఎప్పుడు కడిగిరో, నీటిని ఎప్పుడు పరీక్షించిరో అడుగు హక్కు మనకు కలదు.

ఆ పరీక్ష చేయించుట ఎట్లని సోదరీమణులు అడుగవచ్చును. 2019లో మొదలైన జలజీవన్ మిషనులో ప్రతి గ్రామమునను అయిదుగురు స్త్రీలకు నీటిపరీక్ష నేర్పవలెనను నియమము కలదు. చిన్న పెట్టెలోని మందుచుక్కలు కలిపి, రంగు చూచి, ఫ్లోరైడు, నైట్రేటు, కఠినత్వము మొదలగువానిని వారు తెలిసికొందురు. ఇంటి నీటి బరువు మోయునది స్త్రీయే. ఆ నీటి గుణము తేల్చు పనియు స్త్రీ చేతికే వచ్చుట న్యాయమే. మీ ఊరిలో ఆ పెట్టె యెవరి యొద్ద నున్నదో, దానిని కడపట ఎప్పుడు తెరచిరో విచారింపుడు. ఏడాదికి రెండుమారులు, వానలకు ముందొకసారి, వానల పిదప ఒకసారి మీ బావినీటిని పరీక్షింపింపుడు. బావికిని పెంటదిబ్బకును, మరుగుగుంటకును నడుమ ఎడము వదలుడు.

రుచి చూచుట మాత్రము మానకుడు. రోజును త్రాగు నీటి రుచి తెలిసిన నాలుకకే అది ఒకనాడు మారినచో మొదట తెలియును. గొట్టము పగిలి మురుగు కలిసినపుడు ఎన్నో ఊళ్లలో ముందుగా గుర్తించినది వంటింటి ఇల్లాలే. పిల్లలను కూర్చుండబెట్టి నాలుగు చెంబుల నీరు పోసి ఏది యేదో చెప్పుమనుడు. అది మంచి ఆట. ఆ ఆటలోనే భూగోళమును, రాళ్లను, నదులను, నీటి విలువను నేర్చుకొందురు. మన గడపలోనికి వచ్చు నీరు ఏ కొండన పుట్టి, ఎవరి ఊరిమీదుగా, ఎవరి చేలప్రక్కగా నడచి వచ్చినదో తెలిసిన బిడ్డ కొళాయిని వదలి ఆటకు పోదు. పాములపాటి కాలువగట్లపై నిలిచి మేము తెచ్చుకొన్న ప్రసాదము ఇంతియే.